ఫ్లెక్సీలు, నీళ్ల సీసాలు, ఫ్యాన్లు: ఆఫీసు కొనుగోళ్లలో పర్యావరణం కూడా చూడాలంటే ఇండెంటులో ఏం రాయాలి?

కాలువగట్టు (కోనసీమ)

అందరికీ నమస్కారం. నేను కోనసీమలో ఒక మండల స్థాయి ప్రభుత్వ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుని. నాలుగేళ్లుగా స్టోర్స్ ఫైలు నా దగ్గరే ఉంది. చీపుర్ల దగ్గర్నుంచి కంప్యూటర్ల దాకా ఏది కొన్నా ఇండెంటు (ఏం కావాలో రాసి పెట్టే పత్రం), కొటేషన్లు, బిల్లు నా చేతి మీదుగానే వెళ్తాయి.

ఈ ఏడాది ఏప్రిల్లో కాలువలు కట్టేశాక ఒక సాయంత్రం లాకుల దగ్గర బండి ఆపాను. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు కనపడనిదంతా అడుగున కనిపించింది. బురదలో సగం దిగబడిన నీళ్ల సీసాలు, కప్పులు, కవర్లు. షట్టరు ఇనుముకి ఒక ఫ్లెక్సీ చుట్టుకుని ఉంది. దాని మీద అక్షరాలు చదవగలిగేలాగే ఉన్నాయి. రెండేళ్ల కిందట మా ఆఫీసు పెట్టిన శిక్షణ తరగతుల ఫ్లెక్సీ అది. దాని బిల్లు పెట్టింది నేనే.

మర్నాడు ఆఫీసుకి వెళ్లగానే నిరుటి వోచర్లన్నీ ముందేసుకుని కూర్చున్నాను. ఏడాదిలో 22 ఫ్లెక్సీలు వేయించాం. ఒక్కోటి ఒక్క పూట వాడాం. మూడు రోజుల శిక్షణకి 60 మంది వస్తే మనిషికి రోజుకి రెండు చొప్పున 360 చిన్న సీసాలు కొన్నాం. 300 మిల్లీలీటర్ల సీసా అది. అన్నీ కలిపితే 108 లీటర్ల నీళ్లు. అంటే 20 లీటర్ల టిన్నులు ఆరు తెప్పిస్తే సరిపోయేది. ఈ లెక్క నేను ముందెప్పుడూ ఎందుకు వేయలేదో అని చాలా బాధపడ్డాను.

కొత్తగా వచ్చిన మా అధికారి మంచివారు. విషయం చెప్పగానే "వచ్చే ఏడాది కొనాల్సిన వాటి జాబితా పర్యావరణాన్ని దృష్టిలో పెట్టుకుని నువ్వే తయారు చెయ్యి" అన్నారు. అక్కడే నాకు టెన్షన్ మొదలైంది. ఎందుకంటే ఇంతకుముందు రెండుసార్లు ప్రయత్నించి దెబ్బ తిన్నాను.

మొదటిది ఫ్యాన్ల విషయం. మా ఆఫీసులో 24 సీలింగ్ ఫ్యాన్లున్నాయి, అన్నీ పాతవే. మార్చమని మూడు కొటేషన్లు తెప్పించాను. మామూలు ఫ్యాను 1,650 రూపాయలు, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ మోటారు ఫ్యాను 2,900. కరెంటు ఆదా అవుతుంది కాబట్టి రెండోది తీసుకుందామని నోట్ పెట్టాను. "ఎల్1 (తక్కువ ధర కొటేషన్) ఉండగా ఎక్కువ ధర ఎందుకు?" అని ఒక్క వాక్యంతో ఫైలు వెనక్కి వచ్చింది.

రెండోది సంచులు. శిక్షణకి వచ్చేవాళ్లకి ప్లాస్టిక్ ఫోల్డర్ల బదులు గుడ్డ సంచులు ఇద్దామని 200 కొన్నాను. అమ్మినతను ఈకో బ్యాగులే అన్నాడు, పైన ఆకుపచ్చ చెట్టు బొమ్మ కూడా ఉంది. ఒకటి ఇంటికి తీసుకెళ్తే మా అమ్మ చేత్తో పట్టుకుని చూసి, "ఇది నేసింది కాదే. ఇందులో పడుగూ లేదు, పేకా లేదు" అంది. మాది బండారులంకలో మగ్గం ఇల్లు. అగ్గిపుల్ల వెలిగించి చూపించింది. అంచు ముడుచుకుపోయి, కరిగి, పూసలా గట్టిపడింది. అది నాన్-వోవెన్ అని, అంటే పాలీప్రొపిలీన్ ప్లాస్టికేనని అప్పుడు తెలిసింది. నేత ఇంట్లో పుట్టి కూడా పట్టుకోలేకపోయాను.

ఇంకో సందేహం కూడా ఉంది. పేపరు కప్పుల బదులు స్టీలు గ్లాసులు పెడదామంటే అవి కడగాల్సింది మా అటెండరు అక్క. ఆమెకి 57 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. భూమికి మేలు చేస్తున్నానని చెప్పి ఆమె నడుం మీద భారం వేయడం నాకు ఇష్టం లేదు.

ఆడిట్ అభ్యంతరం రాకుండా ఇవన్నీ ఎలా రాయాలి? మీ ఆఫీసుల్లో ఎవరైనా చేసి ఉంటే దయచేసి చెప్పండి.

పాత సూపరింటెండెంట్ (కాకినాడ)

అమ్మా, నేను 31 ఏళ్లు సర్వీసు చేసి రిటైరయ్యాను. అందులో సగం పైగా స్టోర్సే. మీ ఫైలు వెనక్కి రావడం సరైనదేనని ముందు చెప్పాలి. కష్టంగా అనిపించినా వినండి.

కొటేషన్లు తెరిచాక "ఇది మంచిది కాబట్టి ఎక్కువ ధరైనా ఇదే తీసుకుందాం" అంటే ఏ ఆడిట్ వాళ్లూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. రేపు ఇంకొకరు అదే మాట చెప్పి తమకి కావలసిన షాపుకి కట్టబెడతారు. ఎల్1 అంటే వచ్చినవాళ్లందరిలో తక్కువ అని కాదు. మనం అడిగిన వస్తువు ఇవ్వగలిగిన వాళ్లలో తక్కువ అని. కాబట్టి మీ పట్టుదలంతా కొటేషన్లు పిలవక ముందే, స్పెసిఫికేషన్‌లో చూపించాలి. "సీలింగ్ ఫ్యాన్లు 24" అని రాసి పంపితే చవకవే వస్తాయి. "1200 మిల్లీమీటర్ల స్వీపు (రెక్కలు తిరిగే వ్యాసం), బీఈఈ (కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ) 5 స్టార్ లేబుల్, కరెంటు వాడకం 35 వాట్లకు మించకూడదు, ఇన్నేళ్ల వారంటీ" అని రాస్తే వచ్చేవన్నీ మీకు కావలసినవే అవుతాయి. వాటిలో తక్కువ ధర చెప్పినవారికి ఇవ్వండి. ఇక అభ్యంతరానికి చోటెక్కడ? కంపెనీ పేరు మాత్రం రాయొద్దు. కనీసం మూడు షాపులు ఇవ్వగలిగేలా ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఒక్క షాపుకే సరిపోయేలా స్పెసిఫికేషన్ రాయడం ఇంకో పెద్ద తప్పు.

5 స్టారే ఎందుకు అని అడిగితే జవాబు నోట్‌లో ఉండాలి. లెక్క నేనే వేసి పెడుతున్నాను. పాత ఫ్యాను 75 వాట్లు, కొత్తది 30 వాట్లు అనుకోండి. తేడా 45 వాట్లు. రోజుకి 8 గంటలు, ఏడాదికి 250 పనిరోజులు వేసుకుంటే 2,000 గంటలు. అంటే ఫ్యానుకి 90 యూనిట్లు, 24 ఫ్యాన్లకి 2,160 యూనిట్లు. మీ బిల్లులో యూనిట్ ఎంత పడుతోందో అది వేయండి. 7 రూపాయలనుకుంటే ఏడాదికి 15,120 రూపాయలు. ఫ్యానుకి 1,250 చొప్పున మీరు అదనంగా పెట్టేది 30,000. రెండేళ్లలో తిరిగొస్తుంది, ఫ్యాను ఆ తర్వాత కూడా ఎన్నో ఏళ్లు తిరుగుతుంది. ఈ కాగితం ఒకటి ఫైల్లో జతచేయండి. కొన్న ధర కాదు, కొన్ననాటి నుంచి పనికిరాదని కండెమ్ చేసేనాటి దాకా అయ్యే ఖర్చు చూడాలన్నదే దీని సారం.

ఆధారాలు కూడా ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ ఆఫీసులకి వర్తించే 2017 జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో, నోటిఫై చేసిన విద్యుత్ పరికరాలు కొనేటప్పుడు నిర్ణయించిన బీఈఈ స్టార్ రేటింగ్‌కి తగ్గకూడదని ఉంది. మనం రాష్ట్ర ఫైనాన్షియల్ కోడ్ కింద నడుస్తాం కాబట్టి దాన్ని నియమంగా చూపలేం గానీ, పద్ధతిగా ఉదహరించవచ్చు. సీలింగ్ ఫ్యాన్లకి 2023 జనవరి 1 నుంచి స్టార్ లేబుల్ తప్పనిసరి కాబట్టి లేబుల్ ఉన్న ఫ్యాను దొరకదన్న మాటే లేదు. 2015లో మన దేశం కూడా ఒప్పుకున్న ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 12.7 అన్నది ప్రభుత్వ కొనుగోళ్ల గురించే ఉంది. నోట్ మొదట్లో ఆ ఒక్క వాక్యం చాలు, ఉపన్యాసం అక్కర్లేదు.

సంచుల సంగతికి మీ అమ్మగారి మాటనే స్పెసిఫికేషన్‌లోకి ఎక్కించండి. "పడుగు పేకలతో నేసిన నూలు గుడ్డ సంచి, నాన్-వోవెన్ అంగీకరించబడదు" అని. ముందు ఒక నమూనా తీసుకుని, సీలు వేసి స్టోర్సులో పెట్టుకోండి. సరుకు వచ్చినప్పుడు దానితో పోల్చి చూడండి. అలాగే కంపోస్టబుల్ అని చెప్పి అమ్మే ప్లాస్టిక్ కవర్లకి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ ఉండాలి. చెట్టు బొమ్మ సర్టిఫికెట్ కాదు. 1991లోనే కేంద్రం మట్టికుండ గుర్తుతో ఎకోమార్క్ అని ఒకటి పెట్టింది. నా సర్వీసు మొత్తంలో ఆ గుర్తున్న వస్తువు ఒక్కటి కూడా నా స్టోర్సుకి రాలేదు. ఆ లోటు నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. 2024లో ఆ నియమాలు కొత్తగా మళ్లీ రాశారు, ఈసారైనా మీ తరం వాళ్లకి అందాలి.

ఇంకొక్క మాట. కొనడంతో పని అయిపోదు. మీ వెనక గదిలో చచ్చిపోయిన యూపీఎస్ బ్యాటరీలు ఎన్ని ఉన్నాయో ఒకసారి చూసుకోండి. పాత ఇనుప సామాను కొనేవాడికి ఇస్తే వాడు యాసిడ్ ఏ మురుగు కాలువలోనో పారబోస్తాడు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాటిని సేకరించే, బాగుచేసే లేదా రీసైకిల్ చేసే సంస్థలకే చేర్చాలి. కొత్త బ్యాటరీలు కొనేటప్పుడే "పాతవి వెనక్కి తీసుకుని రసీదు ఇవ్వాలి" అని షరతు రాస్తే సగం తలనొప్పి పోతుంది.

పాలకొల్లు వైరింగ్

మేడం, ఫ్యాన్ల గురించి నాకు తెలిసింది చెప్తాను. 5 స్టార్ అంటే ఇంచుమించు అన్నీ బీఎల్‌డీసీలే వస్తాయి. బిగించేటప్పుడు గోడ మీద ఉన్న పాత రెగ్యులేటర్లు తీసేయించాలి. ఆ పని ఖర్చు కూడా ఎస్టిమేట్‌లో కలపండి, లేకపోతే మధ్యలో ఆగిపోతుంది. హాల్లో ఒకే కంపెనీవి వరసగా ఉంటే ఒక రిమోట్ నొక్కితే పక్క ఫ్యాను కూడా మారిపోతుంటుంది. రిమోట్ పోతే ఇక ఎవరూ ఆ ఫ్యాను వైపు చూడరు. అందుకని గోడ స్విచ్‌తో కూడా స్పీడు మార్చుకునే రకం అడగండి. మన వైపు ఉప్పుగాలి, తేమ, పైగా వానాకాలం పిడుగులు. లోపల బోర్డు పోతే బాగుచేయడం అన్నిచోట్లా కుదరదు. కాబట్టి వారంటీ బోర్డుకి కూడా వర్తిస్తుందని రాయించుకోండి. నేను చూసినంతలో ధర కంటే ఇదే ముఖ్యం.

రొయ్యల రైతు కొడుకు (భీమవరం)

నిరుత్సాహపరచాలని కాదండి, మనసులో ఉన్నది చెప్తున్నాను. మా వైపు చెరువుల నీళ్లు, పట్టణాల మురుగు డ్రెయిన్లలోకి, అక్కడి నుంచి ఉప్పుటేరులోకి పోతుంటే 22 ఫ్లెక్సీలు ఆపితే గోదావరి జిల్లాలు బాగుపడతాయా? ప్రభుత్వం డబ్బు ఎక్కువగా ఖర్చయ్యేది గ్లాసుల మీద కాదు. రోడ్లు, భవనాలు, కాలువ పనుల మీద. మార్పు అక్కడ రావాలి అని నా అభిప్రాయం.

కాలువగట్టు

మీరన్నది నిజమేనండి. కానీ రోడ్డు టెండరు నా బల్ల మీదికి రాదు, ఫ్లెక్సీ బిల్లు వస్తుంది. నా సంతకంతో వెళ్లిన వస్తువు కాలువలో కనిపించాక, పెద్దవాళ్లు పెద్దవి సరిచేసేదాకా ఆగడం నా వల్ల కాలేదు.

లాకుల ఇంజనీరు

భీమవరం తమ్ముడు పనుల మాట ఎత్తాడు కాబట్టి ఆ వైపు నుంచి చెప్తాను. నాది నిర్మాణ పనులు చూసే ఉద్యోగం.

మన లంకల్లో ఇటుక బట్టీలు మీరంతా చూసే ఉంటారు. వరద తెచ్చి పోసిన ఒండ్రు మట్టిని తవ్వి ఇటుకలు కాలుస్తాం. కూరగాయలు పండే మేలు నేల అది. ప్రభుత్వ భవనానికి ఎర్ర ఇటుక అని ఎస్టిమేట్‌లో రాసిన ప్రతిసారీ ఆ నేలలో కొంత పోతుంది. బొగ్గుతో నడిచే థర్మల్ కేంద్రానికి 300 కిలోమీటర్ల లోపల జరిగే నిర్మాణాల్లో, ధర మామూలు వాటికంటే ఎక్కువ కానప్పుడు, బూడిదతో చేసిన వస్తువులే వాడాలని కేంద్రం 2021 నోటిఫికేషన్ చెప్తోంది. ఇబ్రహీంపట్నంలోని విజయవాడ థర్మల్ కేంద్రం నుంచి చూస్తే మన డెల్టా మొత్తం ఆ పరిధిలోకి వస్తుంది. కాబట్టి మీ ఆఫీసు ప్రహరీ గోడకి చిన్న పని వచ్చినా ఎస్టిమేట్ వేసే దశలోనే ఫ్లైయాష్ (ఆ బూడిదతో చేసిన) ఇటుక అని అడగండి. పని మొదలయ్యాక అడిగితే ఎవరూ మార్చరు.

రెండోది కొబ్బరి పీచు. దానితో నేసిన వలని భూవస్త్రం అంటారు. గట్ల మీద పరిస్తే గడ్డి వేళ్లు పట్టేదాకా మట్టి జారకుండా ఆపి, తర్వాత తనే నేలలో కలిసిపోతుంది. 2020లో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ గ్రామ సడక్ యోజన మూడో దశ రోడ్లలో దీన్ని వాడటానికి ఒప్పుకున్నప్పుడు ఏడు రాష్ట్రాలకి 1,674 కిలోమీటర్లు అనుకున్నారు. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 164. అంబాజీపేట చుట్టూ కొబ్బరి డొక్కలు గుట్టలుగా పడి ఉంటాయి. మనం మాత్రం గట్టు జారితే ప్లాస్టిక్ బస్తాల్లో ఇసుక నింపి వేస్తాం. రెండు వానాకాలాలకి ఆ బస్తా పీలికలై నీళ్లలోకే వస్తుంది. అత్యవసరంలో గండి పూడ్చడానికి బస్తా తప్పదు, అది నాకూ తెలుసు. ముందే తెలిసిన పనికి కూడా అదే వేయడం నాకు మింగుడు పడదు.

సంఘం అక్క (అంబాజీపేట దగ్గర)

అమ్మా, మేం డ్వాక్రా సంఘం తరఫున ఆఫీసుల మీటింగులకి టిఫిన్లు, భోజనాలు చేసి పంపుతాం. మా వైపు మాట కూడా వినండి.

ఆర్డరు ఇచ్చేటప్పుడే "అరిటాకులో, ప్లాస్టిక్ వద్దు" అని కాగితం మీద రాయండి. నోటితో చెప్తే చివరి నిమిషంలో ఎవరో ఒకరు ఫోన్ చేసి "ప్యాకెట్లు కట్టేయండి, తొందరగా అయిపోతుంది" అంటారు. మాకు ఆకులకి కరువు లేదు. రావులపాలెం మార్కెట్టు దగ్గరే. పెళ్లిళ్ల రోజుల్లోనూ, కార్తీకంలోనూ కాస్త ధర పెరుగుతుంది, అప్పుడు అడ్డాకు విస్తళ్లు తెస్తాం. పులిహోర ఆకులో పొట్లం కడితే సాయంత్రం దాకా బాగుంటుంది. తిన్న ఆకులు మేమే పట్టుకొచ్చి కొబ్బరి పాదుల్లో వేస్తాం. పేపరు ప్లేటు అలా వేయలేం, లోపల సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, అది కుళ్లదు. పేపరు కప్పు కూడా అంతే. చాలామందికి ఇది తెలియదు.

స్టీలు గ్లాసులు మా సంఘం దగ్గర 150 ఉన్నాయి. తెలంగాణలో సిద్దిపేట వైపు ఊళ్లలో స్టీలు బ్యాంకులు (ఫంక్షన్లకి స్టీలు సామాను ఇచ్చి, తిరిగి తీసుకునేవి) నడుపుతున్నారని విని మేమూ కొన్నాం. మేమే తెచ్చి, మేమే కడిగి పట్టుకెళ్తాం. కడిగిన మనిషికి కూలి బిల్లులో వేరే లైనుగా రాయనివ్వండి. ఆ లైను కొట్టేసి "భోజనంలో కలిపేయండి" అంటారు, అక్కడే మాకు గిట్టదు. అసలు కష్టం ఇంకోటి. బిల్లు నాలుగైదు నెలలు ఆగితే పెద్ద హోటలు వాడు తట్టుకుంటాడు, మేం తట్టుకోలేం. మా పదిమందీ పొదుపు డబ్బులోంచి సరుకులు తెస్తాం. మీలాంటి వాళ్లు మా దగ్గర కొనాలనుకోవడం సంతోషం. మీరు మాకు చేయగలిగిన పెద్ద సాయం బిల్లు అదే వారంలో ట్రెజరీకి పంపించడం.

కాలువగట్టు

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. పది రోజులు ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి, ఈలోగా కొంత పని జరిగింది.

సూపరింటెండెంట్ గారూ, మీరు చెప్పినట్టే ఫ్యాన్ల ఫైలు మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టాను. మా కరెంటు బిల్లులో ఉన్న రేటు వేసి లెక్క కాగితం జతచేశాను. పాలకొల్లు అన్నయ్య చెప్పిన గోడ స్విచ్, బోర్డు వారంటీ, రెగ్యులేటర్లు తీసే ఖర్చు మూడూ చేర్చాను. అమలాపురంలో నాలుగు షాపులు ఇవ్వగలమన్నాయి. ఈసారి అధికారి వెనక్కి పంపలేదు, 24 ఒకేసారి కాకుండా హాల్లోవి 10 ముందు మార్చమన్నారు. నాకు అదే చాలు. వెనక గదిలో బ్యాటరీలు చూశాను, 11 ఉన్నాయి. ఎప్పటివో రిజిస్టరులో కూడా లేవు.

ఫ్లెక్సీల బదులు రెండు గుడ్డ బ్యానర్లు రాయించాం, ఒకటి శిక్షణ తరగతులకి, ఒకటి సభలకి. తేదీ ఉండే చోట ఖాళీ వదిలి, కాగితం మీద రాసి పిన్నులు పెడుతున్నాం. రాసినాయన ఒకప్పుడు సినిమా వాల్ పోస్టర్ల మీద పేర్లు రాసేవారట. ఫ్లెక్సీ మిషన్లు వచ్చాక కుంచె పక్కన పెట్టేశానని చెప్పారు. 900 రూపాయలు తీసుకున్నారు. అక్షరాలు ఎంత అందంగా ఉన్నాయో, వచ్చినవాళ్లందరూ ఆగి చూశారు.

సంఘం అక్కా, వచ్చే శిక్షణకి మీ వైపు సంఘాల నుంచే కొటేషన్లు అడుగుతున్నాం. కడిగే కూలి వేరే లైనుగా ఉంటుంది. బిల్లు ఎప్పుడు ట్రెజరీకి వెళ్లిందో మీకు నేనే ఫోన్ చేసి చెప్తాను.

ఇక రోజూ టీ గ్లాసుల విషయం. నా అంతట నేను ఏదేదో ఊహించుకోవడం మానేసి, అటెండరు అక్కనే అడిగాను. "గ్లాసులు కడగడం కష్టం కాదమ్మా. కుళాయి ఎక్కడో పెరట్లో ఉంది, కింద కూర్చుని కడగాలి, లేవలేను. నిలబడి కడిగేలా ఉంటే ముప్పై గ్లాసులు ఎంతసేపు?" అంది. నాలుగేళ్లలో ఆమెని ఈ మాట ఎవరం అడగలేదు. అందుకని ఈ ఏడాది జాబితాలో గ్లాసుల కంటే ముందు, మొదటి వరుసలో, వరండాలో నడుమెత్తు సింకు, కుళాయి అని రాశాను. ప్లంబర్ల కొటేషన్లు రెండు వచ్చాయి. మూడోది సోమవారం ఇస్తానన్నారు.